సెలవు రోజు ఆరు మాత్రలు

"కదలకండి, ముడి జారిపోతోంది" అంది ఆమె, నేలమీద కూర్చుని మొగుడి బూటు లేసు బిగిస్తూ.

"నా కాళ్ళు నేను చూసుకుని ఏడాదైంది. రెండూ ఉన్నాయా?" అన్నాడాయన పైనుంచి.

"ఉన్నాయి, దిండ్లలా ఉన్నాయి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. మడమ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడింది. పడింది పడినట్టే ఉండిపోయింది. నెలరోజులుగా ఇదే వరస. అడుగుదామని నోటిదాకా వచ్చిన మాటను ఆ పూట కూడా మింగేసింది.

ఇరవై రెండేళ్ళుగా ఆయన సిటీ బస్సు నడుపుతున్నాడు. పెళ్ళినాడు గాలేస్తే పడిపోయేలా ఉండేవాడు. ఇప్పుడు నూట పద్దెనిమిది కిలోలు. రోజుకు పది గంటలు ఒకే సీట్లో కూర్చుని, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికే పావుగంటలో ఏది కనిపిస్తే అది తిని, ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళు రాక ఏం చేస్తుంది? డిపోలో ఆయన్ని 'బస్తా' అంటారు, ముద్దుగానే. ఏడాది కిందట బీపీ బాగా ఎక్కువుందని, ఒంట్లో నీరు తీసే మాత్ర రోజుకొకటి రాసిచ్చారు. పొద్దున్నే ఆమె తన చేత్తో మాత్ర అందిస్తుంది. ఆయన నోట్లో వేసుకుని గ్లాసెత్తి గటగటా తాగుతాడు. అంతవరకూ తన పని తాను చేశానన్న ధీమా ఆమెది.

ఆయన లేచి నిలబడగానే పొట్ట దగ్గర చొక్కా గుండీ టప్పున తెగి ఎక్కడో పడింది.

"ఆ చొక్కా ఇటివ్వండి. ఇంకోటి ఉతికి పెట్టాను, అది వేసుకోండి."

ఆయన గబగబా చొక్కా మార్చుకుని, టైమైపోతోందంటూ వెళ్ళిపోయాడు. ఆమె కుట్టుమిషను దగ్గర కూర్చుంది. స్కూలు యూనిఫారాలు కుట్టే చేతికి గుండీ ఒక లెక్కా? సూదిలో దారం ఎక్కించి చొక్కా ఒళ్ళోకి తీసుకుంటే జేబులో ఏదో గరగరలాడింది. టికెట్ కాగితం పొట్లం. విప్పి చూసింది. మూడు మాత్రలు, నోట్లో తడిసి మళ్ళీ ఆరినవి, అంచులు అరిగినవి. ఒక్కోదాని పక్కన పెన్సిలుతో 'సోమ', 'మంగళ', 'బుధ' అని రాసి ఉంది.

ఆమె చొక్కా పక్కన పడేసి లేచింది.

"అత్తయ్యా!"

అత్తగారు వంటింట్లోంచి తాపీగా వచ్చారు. పొట్లం చూడగానే ఆవిడ మొహం మారింది.

"ఓహో, దొరికిపోయాడా!" అన్నారు. "నీకు చెప్పొద్దన్నాడమ్మాయ్. ఆ మాత్ర మింగితే అరగంటకోసారి వెళ్ళాల్సొస్తుందట. బస్సు నిండా జనాన్ని పెట్టుకుని ఎక్కడ ఆపుకుంటాడు చెప్పు? అందుకని ఆరు రోజులవీ దాచుకుని సెలవు రోజున ఒక్కసారే మింగుతాడు. వారానికోసారి ట్యాంకు నింపినట్టని నవ్వుతాడు. మందు మానట్లేదు కదా!"

"ఆరూ ఒక్కసారేనా?"

"లెక్క సరిపోతుందిగా!"

సెలవు రోజుల్లో ఆయన మధ్యాహ్నం దాకా లేవడు. అలిసిపోయాడు, పడుకోనీ అనుకునేది. పోయిన సెలవు నాడు స్నానాలగదిలో కళ్ళు తిరిగి కూలబడితే అత్తాకోడళ్ళిద్దరూ కలిసి పట్టి లేపారు. నేల తడిగా ఉంది, కాలు జారిందన్నాడు. ఆమె నమ్మింది. ఆరు రోజులు మందే లేక, ఏడో రోజు ఆరు మాత్రలు అదనంగా మింగి, ఈ మనిషి ఇన్నాళ్ళు ఎలా బతికాడు?

ఫోను చేద్దామంటే డ్యూటీలో ఫోను తీయడు, తీయకూడదు కూడా. పొద్దున ఏడింటి ట్రిప్పు వీధి చివరి స్టాపు మీదుగానే వెళ్తుంది. చెప్పులు వేసుకుని పరుగు తీసింది. వెనకనుంచి అత్తగారు, "నేనేం చెడు చేశానే?" అని కేకవేసినా తిరిగి చూడలేదు.

బస్సు కిక్కిరిసి వచ్చింది. ఆమె ముందు తలుపులోంచి ఎక్కింది.

"వదినా! ఏంటిలా ఊడిపడ్డావ్?" అంది కండక్టరమ్మ. ఆరేళ్ళుగా ఆయనతో ఒకే బస్సులో డ్యూటీ చేస్తోంది. "అన్నా, ఎవరొచ్చారో చూడు!"

ఆయన అద్దంలోంచి చూసి కనుబొమలెత్తాడు. చేయి మాత్రం గేరు మీదనుంచి తీయలేదు. ఆయన సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడింది ఆమె. నడిపే మనిషిని ఇప్పుడు కదిలిస్తే, ఆ కంగారులో ఏదన్నా అయితే? చుట్టూ యాభై అరవై మంది. పక్కన ఒకావిడ చంటిబిడ్డని భుజాన వేసుకుని ఉంది.

నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నా ఆయన మెడ మీద చెమట కాలవలు కడుతోంది. చెవుల దగ్గర ఎర్రగా కందిపోయింది. ఫ్లైఓవరు ఎక్కుతుంటే ఎడమచేత్తో కళ్ళు రుద్దుకున్నాడు. కాస్త ఆగి మళ్ళీ రుద్దుకున్నాడు. ఆమె కళ్ళార్పకుండా ఆ చేతినే చూస్తోంది. ఫ్లైఓవరు దిగాక ఆగాల్సిన స్టాపు వచ్చింది. బస్సు ఆగలేదు.

"డ్రైవరుగారూ! స్టాపండీ! నిద్రపోతున్నారా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

బ్రేకు గట్టిగా పడింది. జనం ఒకరిమీద ఒకరు తూలారు. ఒక ముసలాయన మోకాళ్ళమీద పడ్డాడు. చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. "ఈ మధ్య అన్నకి పరధ్యానం ఎక్కువైంది" అంటూ కండక్టరమ్మ ముసలాయన్ని లేవదీసింది. ఎవరూ అంతకుమించి పట్టించుకోలేదు. ఆమె మాత్రం చివరి స్టాపుదాకా ఇరవై నిమిషాలు, కమ్మీ వదిలితే బస్సే పడిపోతుందేమో అన్నట్టు పట్టుకుని నిలబడింది.

చివరి స్టాపులో జనమంతా దిగారు. ఆయన ఆయాసపడుతూ కిందికి దిగి నడుం విరుచుకున్నాడు.

"ఏమే, అమ్మకేమన్నా అయిందా?"

ఆమె పొట్లం విప్పి చూపించింది. ఆయన ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

"దీనికోసమా ఇంత హడావిడి! ఇంటికి పద, సాయంత్రం మాట్లాడుకుందాం. ఇంకా మూడు ట్రిప్పులున్నాయి."

"లేవు" అంది. గబుక్కున బస్సెక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"ఒసేయ్! దిగు! నలుగురూ చూస్తున్నారు!"

"చూడనీండి." చేతులు ముందుకి చాపింది. స్టీరింగు అందలేదు. ఆయన పొట్ట పట్టడానికని సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. ఎంత వంగినా వేళ్ళు గాలిలోనే ఉన్నాయి. "ఇంత దూరమా అండీ? ఇంత దూరం వెళ్ళిపోయి కూడా నాకు చెప్పలేదా? మాత్ర నోట్లో దాచి, నా ఎదురుగా నీళ్ళు తాగి నవ్వుతారా! నేను మీకు పెళ్ళాన్నా, చెకింగు ఇన్‌స్పెక్టర్నా?"

"చెప్తే ఏం చేస్తావ్? ఆస్పత్రికి ఈడ్చుకెళ్తావ్. వాళ్ళు కాగితం రాసి డిపోకి పంపిస్తారు. డిపోవాళ్ళు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్ళు నడిపినవాణ్ణి, వచ్చేపోయే బస్సులు రాసుకుంటూ కూర్చోవాలా?"

"కూర్చోండి! ఎవరొద్దన్నారు?"

"నీకేం తెలుసే..." అన్నాడు గట్టిగా. బస్సు మెట్టుమీద చతికిలబడ్డాడు. ఆమెవైపు చూడకుండానే అన్నాడు.

"మొన్న మంగళవారం ఫ్లైఓవరు మీద రోడ్డు రెండుగా కనిపించింది. ఏది నిజమో తెలియలేదు. బస్సు నిండా జనం. ఎడమవైపుది రోడ్డనుకుని పోనిచ్చాను. అదృష్టం, అదే రోడ్డు. ఇవాళ ఆ స్టాపు... నిజంగానే నాకు కనపడలేదు."

టికెట్లు సర్దుకుంటున్న కండక్టరమ్మ చేతులు ఆగిపోయాయి. డ్రైవరు సీట్లోంచి ఆమె లేచి వచ్చి ఆయన పక్కన, ఆ ఇరుకు మెట్టుమీదే సర్దుకుని కూర్చుంది.

కండక్టరమ్మే ముందు తేరుకుంది. "అన్నా, కంట్రోలు రూముకి నేను ఫోన్ చేస్తున్నా. ఈ బస్సు నువ్వు తియ్యట్లేదు. తిట్టుకో, నాకు పర్లేదు."

ఆయన తిట్టలేదు. జేబులోంచి తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

వేరే బస్సులో ఇద్దరూ ఆస్పత్రికి బయల్దేరారు. ఆయన కిటికీ పక్కన కూర్చుంటే సీటులో ఆమెకు సగం చోటే మిగిలింది. ముందున్న డ్రైవరు బ్రేకేసినప్పుడల్లా ఆయన కుడికాలు నేలని నొక్కుతోంది. ఆమె చూసి చూడనట్టు ఊరుకుంది.

ఆస్పత్రిలో నర్సమ్మ, బీపీ చూసే పట్టీ ఆయన చేతికి సరిపోక, ఇంకో పెద్ద పట్టీ తెచ్చి చుట్టింది. ఒకసారి చూసి, మళ్ళీ గాలి కొట్టింది. రెండోసారి కూడా చూశాక కుర్చీలోంచి లేచింది.

"రెండు వందల పద్దెనిమిది, కింద నూట ముప్ఫై. మీరు కదలకండి, నడవొద్దు కూడా. డాక్టరుగారిని పిలుచుకొస్తా." తలుపు దగ్గర ఆగి, "నిన్న మాత్ర వేసుకున్నారా?" అంది.

ఆయన నోరు తెరిచాడు. అలవాటైన అబద్ధం నాలుక మీదకి రావడం ఆమెకి కనిపించింది.

"లేదమ్మా" అన్నాడు. "డ్యూటీ రోజుల్లో ఎప్పుడూ వేసుకోలేదు."

నర్సమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. గదిలో ఇద్దరే మిగిలారు.

"నా తప్పూ ఉందండీ" అంది ఆమె. "మీ కాళ్ళు నొక్కితే గుంట పడుతోందని నెల్నించీ చూస్తున్నాను. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు. మీరు మాత్ర దాచారు, నేను ఇది దాచాను."

ఆయన పట్టీ ఉన్న చేతిని కదపకుండా రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన అరచెయ్యి చల్లగా ఉంది.

"ఏమే..."

"చెప్పండి."

"భయమేస్తోందే."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నోటివెంట ఆ మాట ఆమె వినలేదు. బావురుమంటూ ఆయన భుజమ్మీద తలపెట్టింది.

"నాకూ వేస్తోందండీ. ఇవాళ్టినించి ఇద్దరం కలిసే భయపడదాం."