గొంతులు మింగిన పాట

అమావాస్య... సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు గంటలు!

పట్టపగలే ఆకాశం కాటుక పులుముకుంది. ఉరుము ఉరిమినప్పుడల్లా వీధిలోని దుకాణాల రేకులు గడగడలాడుతున్నాయి. రాత్రి తిరగవలసిన గుడ్లగూబ ఒకటి వేళాపాళా లేకుండా వచ్చి, టైలరు దుకాణం ఎదుటి కరెంటు స్తంభం మీద కూర్చుని, రెప్పవేయకుండా లోపలికి చూస్తోంది. ఆ ఘోర ముహూర్తాన ఊళ్ళోని నాలుగు వందల మంది అభిమానులు మాత్రం ఆకాశం వంకా చూడలేదు, గుడ్లగూబ వంకా చూడలేదు. వాళ్ళ కళ్ళన్నీ ఫోన్లకు అతుక్కుపోయి ఉన్నాయి. ఏడేళ్ళుగా ఎదురుచూసిన మిణుగురు కొత్త పాటలు అప్పుడే విడుదలవుతున్నాయి.

మిణుగురు అన్నది అభిమానులు పెట్టుకున్న ముద్దుపేరు. ఏ కంపెనీ అండా లేకుండా, అద్దె గదిలో ఒక్కడే కూర్చుని పాటలు కట్టి, తనే పాడి, తనే రికార్డు చేసుకునే గాయకుడు అతను. అతని ప్రతి పాటలోనూ ఒక పంక్తి ఖాళీగా ఉంటుంది. వాయిద్యం సాగుతుంది, మాట ఉండదు. కచేరీల్లో అక్కడికి రాగానే మైకు జనం వైపు తిప్పేవాడు, ఎవరికి తోచింది వాళ్ళు పాడేవారు. ఆ ఒక్క పంక్తి వల్లే వాళ్ళు అతన్ని సొంతమనిషి అనుకున్నారు.

ఏడేళ్ళ కిందట అతను ఉన్నట్టుండి మూగనోము పట్టాడు. నిరుడు మాత్రం ఒక కబురు పంపాడు. "ఈసారి ఖాళీ లైను మీ గొంతులతోనే నింపుతాను. మనసారా పాడి పంపండి." ఇంకేం కావాలి? నాలుగు వందల మంది పాడి పంపారు. ఆ దుకాణం టైలరమ్మ చెల్లెలు పదకొండు సార్లు పంపింది. ఒకసారి జలుబు, ఒకసారి కుట్టుమిషను చప్పుడు, ఒకసారి అక్క కేక... ఏదో ఒకటి అడ్డొచ్చిందని మళ్ళీ మళ్ళీ పాడింది.

పాటలు మూడు వచ్చాయి. అభిమానుల గ్రూపు హోరెత్తింది.

"బస్సు పక్కకి ఆపేసి వింటున్నా. ప్యాసింజర్లు తిడుతున్నారు, తిట్టనీ," అని డ్రైవరు రాశాడు.

"రెండో పాటలో ఖాళీ లైను దగ్గర వినిపించేది నా గొంతే. పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు, నేనూ నోరు తెరుచుకుని ఉన్నా," అని పళ్ళ డాక్టరు రాశాడు.

అరగంట గడిచింది. మళ్ళీ డాక్టరే రాశాడు. "ఎందుకో మాట రావట్లేదు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు."

"ఆనందంతో పూడుకుపోయుంటుంది డాక్టరుగారూ," అని ఎవరో వేళాకోళమాడారు. కాసేపటికి డ్రైవరుదీ అదే మాట. ఆ తరువాత ఇంకో పదిమంది... ఇంకో ఇరవైమంది... పాటలో తమ గొంతు తాము గుర్తుపట్టిన ప్రతి ఒక్కరికీ గొంతు మూగబోయింది!

దుకాణంలో చెల్లెలు ఒక జాకెట్టుకు హుక్సు కుడుతూ మూడో పాట వింటోంది. ఖాళీ పంక్తి దగ్గర ఆమె చేతిలోని సూది ఆగింది. ముఖం చేటంత అయింది.

"అక్కా, ఇది నేనే..."

ఆ పూట ఆమె సొంత గొంతుతో అన్న ఆఖరి మాట అదే. పిడుగు పడింది. కరెంటు పోయింది. కుట్టుమిషను కీచుమని నిలిచిపోయింది. ఆ చీకట్లో ఆమె కనుగుడ్లు తెల్లగా వెనక్కి తిరిగాయి... మెడ వంకర తిరిగింది... ఆమె కంఠంలోంచి ఆమెది కాని బొంగురు గొంతు పెళ్ళగించుకుని వచ్చింది.

"ఆకలి... ఇంకా కావాలి... సాయంత్రం ఆరింటికి... అందరూ పాడాలి..."

అక్క చెల్లెల్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది. మూడేళ్ళ వయసునుంచి తల్లి తానై పెంచిన పిల్ల. అక్క కళ్ళు గోడకు వేలాడుతున్న నల్లకోటు మీద పడ్డాయి. సాయంత్రం కచేరీ కోసం మిణుగురు కుట్టించుకుంటున్న కోటు అది. కొలతలు తీసిననాడు మెడకు టేపు చుడితే ఒళ్ళు జలదరించడం ఆమెకు గుర్తొచ్చింది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు, కంఠం మాత్రం టేపు కింద ఇసుమంతైనా కదల్లేదు. పెద్ద గాయకుడు కదా, అదో సాధన కాబోలు అనుకుని ఊరుకుంది. తన బుద్ధికి తానే చెప్పుదెబ్బ వేసుకోవాలనిపించింది ఇప్పుడు. పక్క దుకాణం ఆవిణ్ణి చెల్లెలి దగ్గర కూర్చోబెట్టి, కోటూ చెల్లెలి ఫోనూ తీసుకుని బయలుదేరింది.

మిణుగురు అద్దెకుండే మేడమీద గది. గోడల నిండా చప్పుడు బయటికి పోకుండా నల్లటి స్పాంజి దిమ్మలు. కిటికీ లేదు, గాలి లేదు. మధ్యలో మైకు... మైకు కింద, కుంకుమ పూసిన కపాలం! దాని కనుగుంటల్లోంచి సన్నగా, గుసగుసగా వందల గొంతులు. వాటిలో ఒకటి "అక్కా" అంది. ఆమె కోటు ముందుకు చాచింది.

"కోటు తెచ్చాను. మా చెల్లి గొంతు ఇచ్చెయ్యండి."

అతను నెమ్మదిగా నవ్వాడు. "నేను దొంగతనం చెయ్యలేదమ్మా. నా గొంతు ఏడేళ్ళ కిందటే పోయింది. పాడలేనివాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే దీన్ని ఆశ్రయించాను. ఆ లైను ఎవరు తమంతట తాము పాడితే వాళ్ళ గొంతు దీనిది. మీ చెల్లెలు పదకొండు సార్లు పాడింది, అందుకే ఆమె ఒంట్లోకే దూరింది."

"నీ మీద ప్రేమతో పాడింది."

"ప్రేమ లేని గొంతు ఇది ముట్టుకోదు."

అతను కోటు తొడుక్కుని, గుండీ పెట్టుకుంటూ చెప్పాడు. "సాయంత్రం మిగతావాళ్ళూ పాడతారు. గొంతు పోయినవాళ్ళు పెదవి కదిపినా చాలు, ఇక ఆ గొంతులు శాశ్వతంగా నావి. అడ్డం వచ్చావంటే నీ చెల్లెలు ప్రాణంతో ఉండదు."

"వాళ్ళు పాడకపోతే?"

గుండీ మీద అతని వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. కపాలం కటకటమని పళ్ళు కొరికింది. "పాడకుండా ఉండలేరు. నా జనం వాళ్ళు," అన్నాడు.

మెట్లు దిగుతూనే ఆమె చెల్లెలి ఫోనులోంచి జరిగిందంతా గ్రూపులో రాసింది. ఖాళీ పంక్తి దగ్గర ఎవరూ నోరు విప్పవద్దని వేడుకుంది. అంతే, తిట్లు వడగళ్ళలా కురిశాయి. కుళ్ళుబోతువన్నారు. ఏడేళ్ళు ఎదురుచూసింది మేము, మధ్యలో నువ్వెవరివన్నారు. పుర్రె మాటకు కడుపుబ్బ నవ్వారు. అభిమానం అలాంటిది మరి, కళ్ళకు గంతలు తనే కట్టుకుంటుంది.

ఆఖరికి పళ్ళ డాక్టరు రాశాడు. "నాకూ నమ్మబుద్ధి కావట్లేదు. కానీ ఇందాక మా పాప స్కూల్నుంచి ఫోను చేసింది. నాన్నా ఉన్నావా, నాన్నా ఉన్నావా అని అడుగుతూనే ఉంది. పలకలేకపోయాను. నేను పాడి పంపింది దానికి నేర్పిన లైనే."

తిట్లు రాసినవాళ్ళు ఒక్కొక్కరే వాటిని చెరిపేసుకున్నారు.

సాయంత్రం ఆరు గంటలు. ఊరి చివర పాత గోదాము. ఉరుములు తెరపిలేకుండా దద్దరిల్లుతున్నాయి. మధ్యాహ్నపు గుడ్లగూబ ఇప్పుడు గోదాము దూలం మీద వాలింది. నాలుగు వందల మందీ వచ్చారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, ఒక్కరూ ఈల వెయ్యలేదు. అక్క చెల్లెలి నడుము చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

అతను పాడాడు... అద్భుతంగా పాడాడు! అదే అన్నిటికన్నా క్రూరం. ఏడేళ్ళు వాళ్ళు కలగన్న పాట అచ్చం అలాగే ఉంది. వినేవాళ్ళ కళ్ళు తడిశాయి, పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఖాళీ పంక్తి వచ్చింది. అతను చిరునవ్వుతో మైకు జనం వైపు తిప్పాడు.

నిశ్శబ్దం.

మైకు పక్కన గుడ్డకప్పిన కపాలం గడగడ ఊగింది. చెల్లెలి ఒంట్లోని పిశాచం ఆమెను విల్లులా వంచేసింది. పెదాలు వాటంతటవే విచ్చుకోబోయాయి... అక్క పట్టు జారిపోయింది... చెల్లెలు అతని కళ్ళలోకి చూసింది. తన పదిహేనో ఏటినుంచి ప్రాణంలా చూసుకున్న మనిషి. కళ్ళనీళ్ళు కారిపోతుండగా కింది పెదవిని రక్తం వచ్చేలా కొరికి పట్టింది, నోరు విప్పలేదు.

వాయిద్యం తిరిగి అదే పంక్తికి వచ్చింది. అతను మళ్ళీ మైకు చాచాడు. బతిమాలుతున్నట్టు తల ఊపాడు. ఎవరూ పలకలేదు. తాళం పోతూనే ఉంది, పాట బోసిగా నడుస్తోంది. వేదిక మీద నిలబడ్డ గాయకుడు ఏదైనా భరిస్తాడు గాని, పాట మధ్యలో అంత ఖాళీని భరించలేడు. ఎన్నో ఏళ్ళ అలవాటు... క్షణకాలం ఒళ్ళు మరిచాడు. మైకు తన వైపు తిప్పుకుని ఆ పంక్తి తనే అందుకున్నాడు!

తనంతట తాను... మనసారా...

కపాలం భళ్ళున పేలింది. నల్లటి పొగ ఒకటి లేచి అతని నోట్లోకి దూరింది. కుట్టులోంచి దారం లాగినట్టు అతని కంఠంలోంచి గొంతులు ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. వాటన్నిటి వెనుక అతని ప్రాణం వచ్చింది. మైకు కింద నల్లకోటు ఒక్కటే కుప్పగా పడింది, అందులో మనిషి లేడు. ఏ మంత్రానికీ లొంగని క్షుద్రశక్తిని, మోసపోయిన నాలుగు వందల మంది మూసిన నోళ్ళు మట్టికరిపించాయి. గోదాములో ఎవరో దగ్గారు. ఇంకెవరో పేరు పెట్టి ఎవర్నో పిలిచారు. పళ్ళ డాక్టరు ఫోను చెవికి ఆనించి, "ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను," అన్నాడు.

మూడో రోజు పొద్దున దుకాణంలో చెల్లెలు మళ్ళీ హుక్సు కుడుతోంది. గొంతు తిరిగొచ్చినా ఆమె మాట్లాడింది తక్కువ. ఉన్నట్టుండి ఫోను తీసి మూడో పాట పెట్టింది. అక్క మిషను ఆపింది. ఖాళీ పంక్తి వచ్చింది. అక్కడ చెల్లెలి గొంతు లేదు, ఎవరి గొంతూ లేదు. ఎంతో దూరంనుంచి అతనొక్కడే, తోడు రమ్మని పిలుస్తున్నట్టు, ఆ పంక్తిని మళ్ళీ మళ్ళీ పాడుతున్నాడు.

చెల్లెలి పెదవులు అలవాటుగా కదలబోయాయి. వాటిమీద వేలు పెట్టుకుంది.

"పాట బాగుందక్కా. అదే నా ఏడుపు," అంది.

ఫోను కట్టేసి, సూదిలో దారం ఎక్కించుకుంది.