మూడో గేటు అవతలి మనిషి

"ఈ జీనులో లోపమేమీ లేదండీ," అన్నాడు జీనులు కుట్టే అతను.

నెలలో మూడోసారి ఆమె దాన్ని భుజాన మోసుకొచ్చి అతని బల్ల మీద దబ్బున పడేసింది. ఆయాసం ఇంకా తీరలేదు.

"లోపం లేకపోతే నా గుర్రం మూడో గేటు దూకకుండా దాని దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? ఎక్కడో గుచ్చుకుంటోంది దానికి. సరిగ్గా చూడండి."

అతను సూది పక్కన పెట్టి, జీనును దీపం కిందికి జరిపాడు. రెండు వైపులా తోలును బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"కుడివైపు కొత్తదానిలా ఉంది. ఎడమవైపు మీ మోకాలు ఆనే చోట మాత్రం నల్లగా నున్నబడిపోయింది. కిందటిసారి వేసిన కుట్టు కూడా తెగింది. గేటు దగ్గరికి రాగానే మీరు ఎడమ మోకాలు బిగించేస్తున్నారు. ఆగమంటున్నారనుకుని అది ఆగుతోంది. పాపం, చెప్పిన మాట వింటోంది."

"అంటే?"

"భయం గుర్రానికి కాదండీ."

ఆమెకు ఒళ్ళు మండింది. పదేళ్ళుగా స్వారీ చేస్తున్న మనిషి. పొద్దున్నే పిల్లలకు స్వారీ నేర్పే పంతులమ్మ. ఆర్నెల్ల కిందట మూడో గేటు దగ్గర పడి భుజం ఎముక విరిగిన మాట నిజమే. ఎముక అతుక్కుంది కూడా. ఇంకో మూడు వారాల్లో క్లబ్బులో పరీక్ష ఉంది. ఈసారి ఆగిపోతే క్లబ్బువాళ్ళు తమ గుర్రాన్ని మరో రౌతుకు ఇచ్చేస్తారు. నీటిగుంట కనబడితే వెంటనే కాలు పెట్టక, కాసేపు ఆలోచించి మరీ దాటే ఆ గుర్రానికి 'పెద్దమనిషి' అని పేరు పెట్టింది ఆమే.

"మీకు వచ్చింది తోలు కుట్టడమా, జాతకాలు చెప్పడమా?"

"తోలే చెబుతోందండీ. నేను చదువుతున్నానంతే."

"సరే, కొత్త జీను కుట్టండి. దాచుకున్న డబ్బు ఉంది."

"కుట్టమంటే సంతోషంగా కుడతాను. అదీ ఎడమవైపే నల్లబడుతుంది." అతను కాస్త తటపటాయించాడు. "ఆటగాళ్ళ మనసు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు. ఆ డబ్బు ఆవిడకి ఇవ్వండి."

"డబ్బిచ్చి కబుర్లు చెప్పించుకోవాలా?"

"లాడాలు కొట్టేవాడికి ఇస్తారు. గుర్రం పళ్ళు అరగదీసేవాడికి ఇస్తారు. జీను కుట్టినందుకు నాకిస్తారు. దాని మీద కూర్చునే మనిషికి పెట్టాలంటే మాత్రం మీకు చేతులు రావు."

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా వెళ్ళాక భుజం తేలిగ్గా ఉందేమిటా అనుకుంది. వెనక్కి రాక తప్పలేదు.

"జీను మరిచిపోయారు," అన్నాడు అతను, నవ్వు ఆపుకుంటూ.

"మరిచిపోలేదు. ఇంకోసారి చూస్తారేమోనని వదిలాను."

ఇంట్లో ఈ సంగతి చెబితే తల్లి చేతిలోని ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగింది.

"చిన్నప్పట్నుంచీ భయపడకు, భయపడకు అని గొంతు చించుకుంటున్నానే. ఒక్కరోజు ఫీజు అడిగానా?"

"నువ్వు భయపడకు అన్నప్పుడల్లా నాకు ఇంకా భయమేసేదమ్మా."

తల్లి ఇస్త్రీపెట్టె దింపి, స్విచ్ ఆపింది.

"అయితే పద. ఆవిడేం చెబుతుందో నేనూ వింటాను."

డాక్టరమ్మ గదిలో కూర్చోబెట్టి మాట్లాడే రకం కాదు. తెల్లజుట్టు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. నేరుగా మైదానానికే వచ్చింది. గుర్రం ఆగిపోవడం రెండుసార్లు చూసి అడిగింది.

"వచ్చేటప్పుడు ఎక్కడ చూస్తావమ్మా?"

"గేటు వైపే."

"గేటులో ఎక్కడ?"

ఆమె గేటు వైపు తిరిగి చూసింది. "ఎడమ కొసన మూడో పలక. నేను పడ్డ చోటు."

"అయితే రోజూ అక్కడికే వెళుతున్నావు. చూపు ఎటుంటే ఒళ్ళు అటే పోతుంది. గేటు అవతల కదలనిది ఏదైనా ఒకటి ఎంచుకో. దాన్నే చూస్తూ, ఊపిరి గట్టిగా వదులుతూ రా."

గేటు అవతల ఉత్త కంచె. ఆ కంచెనానుకుని, జీను ఎలా కూర్చుందో చూద్దామని వచ్చిన జీనులతను నీలం ఏప్రన్‌తో నిలబడి ఉన్నాడు.

"ఆయన్ని చూడొచ్చా?"

"కదలకుండా ఉంటాడా?"

"పనిలో కూర్చుంటే గంటసేపు కదలరు."

"ఇంత మైదానంలో నీకు ఆ అబ్బాయే దొరికాడా?" అంది తల్లి. కూతురు గుర్రం మెడ నిమురుతూ ఉండిపోయింది.

డాక్టరమ్మ అతని దగ్గరికి వెళ్ళి, "బాబూ, రోజూ పొద్దున కాసేపు ఇక్కడే నిలబడు," అంది. ఎందుకో చెప్పలేదు. జీను సంగతి చూడమంటున్నారనుకున్నాడు అతను.

రోజూ వచ్చాడు. వాన పడ్డా వచ్చాడు. బల్ల మీద కుట్టాల్సిన తోలు పేరుకుపోయింది. మొదట ఆమె నేల మీద పరిచిన కర్రలు దాటింది. తర్వాత మోకాలెత్తు. గేటుదాకా వచ్చి ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. ఆగినప్పుడు ఆమె గుర్రాన్ని తిట్టేది కాదు, నెమ్మదిగా వెనక్కి తిప్పుకుని మళ్ళీ వచ్చేది. పెదాలు పాలిపోయి ఉండేవి. అయినా వచ్చేది. భయం లేనివాళ్ళు దూకడం అతను చాలా చూశాడు. భయాన్ని వెంటబెట్టుకుని ఇలా రోజూ రావడం ఎంత కష్టమో అక్కడ నిలబడ్డాకే తెలిసింది.

పరీక్షరోజు తుంపర. ఆమె మైదానంలోకి దిగింది. అతను కంచె దగ్గర ఉన్నాడు. అప్పుడే వెనకనుంచి ఎవరో కేకేశారు. తర్వాత దిగాల్సిన అమ్మాయి జీను పట్టీ తెగింది, ఆ పిల్ల ఏడుస్తోంది. అతను ఒకసారి మైదానం వైపు చూశాడు. 'ఈ జీనుకు ఏం కాదు, ఒక్క నిమిషంలో వచ్చేయొచ్చు' అనుకుని పరుగెత్తాడు.

ఆమె రెండో గేటు దాటి తలెత్తింది. కంచె దగ్గర ఎవరూ లేరు.

గొడుగు పట్టుకున్న తల్లి రెండడుగులు ముందుకు వేసింది. కూతురి ఎడమ మోకాలు బిగుసుకోవడం అంత దూరంనుంచీ కనిపించింది. పెద్దమనిషి అడుగు తడబడింది. ఆమె ఊపిరి వదిలింది, చూసేవాళ్ళకి వినబడేంత గట్టిగా. నీళ్ళు కారుతున్న కంచె గుంజ ఒకటి పట్టుకుంది కళ్ళతో. మోకాలు వదులైంది.

గుర్రం దూకింది. ఆగకుండా నాలుగోదీ, అయిదోదీ దాటేసింది.

జీనులతను రొప్పుతూ వచ్చేసరికి తల్లి ఎదురొచ్చింది. "ఎక్కడికి పోయావయ్యా! నిన్ను చూస్తూ కదా అది దూకాల్సింది!"

"నన్నా?" అతని ముఖం తెల్లబోయింది. "నాకెవరూ చెప్పలేదే! చెబితే ప్రాణం పోయినా కదిలేవాణ్ణి కాదు కదండీ!"

"కదలడమే మంచిదైంది," అంది ఆమె గుర్రం దిగుతూ. జుట్టు నుదుటికి అంటుకుపోయింది, కళ్ళు మెరుస్తున్నాయి. "మీరు లేకపోతే దూకలేనేమోనని నాకు ఒకటే బెంగగా ఉండేది. అందుకే నోరు మూసుకున్నాను. మీ మీద ఉన్నది ఇష్టమో, అవసరమో నాకే తెలిసేది కాదు."

"ఇప్పుడు?"

"మీరు లేకుండానే దూకాను. అవసరం కాదని తేలిపోయింది."

అతని చేతిలో ఇంకా మైనం పూసిన దారం ఉంది. దాన్ని వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

"జీను ఎలా కూర్చుందో చూడటానికి నాకు మొదటి రోజు చాలండీ," అన్నాడు చివరికి. "మిగతా రోజులన్నీ మిమ్మల్ని చూడటానికే వచ్చాను."

వాన జోరందుకుంది. తడుస్తున్నామన్న స్పృహ ఇద్దరికీ ఉన్నట్టు లేదు. తల్లి వాళ్ళను ఎగాదిగా చూసి, తన గొడుగు అతని చేతిలో పెట్టింది.

"దీని కింద ఇద్దరికే చోటు," అంది.

గుర్రం పగ్గం ఏనాడూ ముట్టని ఆవిడ, కూతురి చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"పద పెద్దమనిషీ. మనిద్దరం తడుద్దాం."