హరీసా సీసా వెనక టీకా

స్ఫాక్స్ పట్నంలో ఆలివ్ కోతల రోజులు. ఆ ఉదయం సుఫియాన్ మందుల షాపు నుంచి రెండు ఫ్లూ టీకాలు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. ఒకటి తల్లి మన్నూబియాకి, ఇంకోటి ఆరో నెల కడుపుతో ఉన్న భార్య ఉల్ఫాకి.

"నాకొద్దు," అంది ఉల్ఫా రొట్టె తుంచుతూ. "నిరుడు మీ అమ్మ వేయించుకుని ఏం బాగుపడ్డారు? పది రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు. నా బిడ్డకీ ఆ గతి పట్టించమంటావా?"

"వేయించుకున్నా ఒక్కోసారి జ్వరం రావచ్చు. ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాస్తుంది."

"కాసిన ముచ్చట చూశాంగా."

ఎప్పుడూ కోడలి మాటకి మాట అంటించే మన్నూబియా ఈసారి తలెత్తకుండా ఆలివ్‌లు ఏరుతూ కూర్చుంది.

"సరే, సాయంత్రం నర్సు వచ్చేదాకా ఫ్రిజ్‌లోనైనా పెట్టు," అన్నాడు సుఫియాన్.

ఉల్ఫా విసురుగా ఫ్రిజ్ తెరిచి హరీసా కారం సీసా పక్కకి జరిపింది. దాని వెనక, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అచ్చం అలాంటి టీకా డబ్బాయే ఇంకోటి. సీలు విప్పలేదు. మీద నిరుటి తేదీ.

"అత్తయ్యా, ఇదేమిటి? నిరుడు జబ్బకి దూది అంటించుకుని వచ్చారు కదా."

"ఆ దూది నేనే అంటించుకున్నాను," అంది మన్నూబియా. "నిరుడు ఊరంతా తిరిగితే ఒక్కటే దొరికింది. నీకు కడుపు నిలిస్తే పనికొస్తుందని దాచాను. ముసలిదాన్ని, నాకెందుకులే అనుకున్నాను."

సుఫియాన్ డబ్బా అందుకుని తేదీ చూశాడు. "అమ్మా, దాచుకోడానికి ఇదేమన్నా హరీసానా? ఫ్లూ ఏటేటా రూపు మార్చుకుంటుంది. అందుకే టీకా కూడా ఏటా కొత్తది తెస్తారు. నిరుటిది పారేయడానికే."

"మీరు పోతారేమోనని ఆ పది రోజులూ నేను తిండి మానేశాను," అంది ఉల్ఫా. "ఇందాక నేను వద్దంటున్నా నోరు మెదపలేదేం అత్తయ్యా?"

"చెబితే నా మొహం చూడవేమోనని భయపడ్డానమ్మా."

ఉల్ఫా నిరుటి డబ్బా చెత్తబుట్టలో పడేసి, కొత్తవి రెండూ ఫ్రిజ్‌లో పెట్టింది.

సాయంత్రం నర్సు రాగానే మన్నూబియా కోడల్ని ముందుకి తోసింది. "ముందు కడుపుతో ఉన్న పిల్లకి."

"కాదు. ముందు ఈవిడకి," అంటూ ఉల్ఫా అత్తగారి జబ్బ మీది గుడ్డ తనే పైకి మడిచింది. "నేనిక్కడే నిలబడి చూస్తాను."

సూదిలో మందు అయిపోయేదాకా చూపు తిప్పలేదు. నర్సు దగ్గర దూది అందుకుని తనే ఆ జబ్బకి ఒత్తి పట్టుకుంది. మన్నూబియా కన్నీళ్లు కోడలి వేళ్ల మీద పడ్డాయి. ఉల్ఫా కూడా ఏడుస్తూనే, దూది వదలకుండా, రెండో చేయి నర్సుకి అందించింది.