ఎడమ చేతి క్లచ్చి

“ఏవండీ, కారు కదపకండి. పైన వడియాలు పెట్టాను.”

కారు కింద వెల్లకిలా పడుకుని నట్టు బిగిస్తున్న సీతారామయ్యకి భార్య కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళు కారు చుట్టూ ఒకసారి తిరిగి వెనక తలుపు దగ్గర ఆగాయి.

“కాపు మీదున్న వంగ మొక్కలు పీకించి తెచ్చి పెట్టారు దీన్ని. పోనీలెండి, వడియాలకైనా పనికొస్తోంది,” అంది పుణ్యవతి.

“నెల్లాళ్ళు ఆగు. నీ కూతురు ఇందులో మహారాణిలా ఆఫీసుకెళ్తుంది. అప్పుడు నువ్వే దీనికి దిష్టి తీస్తావు.”

పుణ్యవతి ఏదో అనబోయి, చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అది మామూలు కారు కాదు. ముందు నుంచి చూస్తే అంబాసిడరే, కానీ వెనక డిక్కీ ఉండాల్సిన చోట కప్పు అలాగే సాగి, మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత జాగా ఉంటుంది. చందానగర్‌లో వాళ్ళ వీధి పిల్లలు దాన్ని ‘పొడుగు అంబాసిడర్’ అంటారు. ఎక్కడో ఓ నర్సింగ్‌హోమ్ వాళ్ళు పాతికేళ్ళు వాడి మూలన పడేస్తే, సీతారామయ్య ఇంటికి లాగించుకొచ్చాడు. అతను ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఇనుముతో ఇరవై ఎనిమిదేళ్ళ సావాసం. తుప్పు పట్టిన నేల రేకు కోసి కొత్తది వేశాడు. వెనక తలుపుకి అడుగెత్తు మెట్టు కట్టాడు. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి స్టీలు గొట్టం వంచి బిగించాడు. ఎడమ కాలు చాపుకోవడానికి వీలుగా మెత్తటి సీటు కుట్టించాడు. ఇంజను పనంతా వీధి చివర షెడ్డున్న మెకానిక్ సాయిలు చూసుకున్నాడు.

ఇదంతా రసజ్ఞ కోసం. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు చచ్చుబడిపోయింది. తొడ నుంచి పాదం దాకా ఇనుప కడ్డీలున్న కాలిపర్ తొడుక్కుని, చేతికర్రతో నడుస్తుంది. కాలిపర్ బిగిస్తే మోకాలు వంగదు. బస్సెక్కలేదు. బడికీ కాలేజీకీ అన్నిటికీ తండ్రి స్కూటరే. పోయిన వానాకాలం మియాపూర్ దగ్గర స్కూటరు జారి రసజ్ఞ భుజం ఎముక విరిగింది. ఆ వారమే సీతారామయ్య కారు కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఈలోగా ఆమె ఎంసీఏ అయిపోవడం, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనంలో ఉద్యోగం రావడం జరిగిపోయాయి. జూన్‌లో చేరాలి.

“సారూ, ఇగ బయటికి రాండ్రి. క్లచ్చి నేను చూస్త,” అంటూ సాయిలు సామాన్ల సంచితో వచ్చాడు.

సీతారామయ్య పాకుతూ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. “సాయిలూ, డ్రైవర్ సీటు అంత వెనక్కి జరిపావేం?”

“మీ పొట్టకు జాగ వద్దా సారూ?”

వరండాలో కూర్చున్న రసజ్ఞ ఫక్కున నవ్వింది. సీతారామయ్య కూడా నవ్వి, స్నానం చేసి, వెనక తలుపు అంచున నీళ్ళు రాకుండా వేసే రబ్బరు బీడింగు తేవడానికి రాణీగంజ్ బస్సెక్కాడు. దానికోసమే ఆ శనివారం సెలవు పెట్టాడు.

బస్సు మియాపూర్ దాటాక జేబు తడుముకుంటే, కొలతకి తీసుకెళ్దామనుకున్న పాత రబ్బరు ముక్క లేదు. స్నానానికి వెళ్తూ కిటికీలో పెట్టి మర్చిపోయాడు. విసుక్కుంటూ దిగి, ఇంకో బస్సెక్కి వెనక్కి వచ్చాడు.

ఇంటి ముందు కారు లేదు. వడియాల గుడ్డ తీసి పిట్టగోడ మీద జాగ్రత్తగా పరిచి ఉంది.

వెనక వీధి అవతల ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ నేల వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. సీతారామయ్య అటు పరుగెత్తాడు. ఎర్రమట్టి రేపుకుంటూ పొడుగు అంబాసిడర్ గుండ్రంగా తిరుగుతోంది. సాయిలు ఎడమ పక్క కూర్చున్నాడు. స్టీరింగు దగ్గర రసజ్ఞ. గట్టు మీద పుణ్యవతి కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి చూస్తోంది.

“ఆపండి! ఆపు!” అని అరుస్తూ అతను కారుకి ఎదురెళ్ళాడు.

రసజ్ఞ బ్రేకు తొక్కింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

అప్పుడు చూశాడు సీతారామయ్య. స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డుకి, స్కూటరుకి ఉండే క్లచ్చి పిడిలాంటిది బిగించి ఉంది. దాని నుంచి ఒక కేబులు కింద క్లచ్చి పెడల్ దాకా పోయింది. ఎడమ కాలితో చేయాల్సిన పని ఎడమ చెయ్యి చేస్తుంది. సీటు వెనక్కి జరిపింది వంగని ఎడమ కాలు చాపుకోవడానికే. కుడి కాలు బాగానే ఉంది కాబట్టి బ్రేకుకీ ఎక్సిలేటరుకీ ఏ అడ్డూ లేదు.

“దిగు,” అన్నాడు.

“నాన్నా, ఒక్కసారి కూర్చో, చూపిస్తాను...”

“దిగమన్నానా!”

“సారూ, జర నా మాట వినుండ్రి,” అన్నాడు సాయిలు. “నెల దినాల సంది నేర్చుకుంటున్నది. మీరు డ్యూటీకి పోయినంక గిది బిగిస్త, మీరు రాకముందుకే ఇప్పేస్త. మంచిగ నడుపుతున్నది.”

“నువ్వు మాట్లాడకు సాయిలూ. నిన్ను ఇంట్లో మనిషనుకున్నాను. నీ బిడ్డయితే ఇలాగే చేసేవాడివా?”

సాయిలు మొహం చిన్నబోయింది. “నా బిడ్డయితే ఇంకా ముందుగాలనే నేర్పుతుంటి సారూ,” అని, కారు దిగి, సంచి కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

కారుని సీతారామయ్యే ఇంటికి తెచ్చాడు. వస్తూనే స్పానరు తీసి ఆ పిడిని విప్పి మెట్ల మీద పడేశాడు.

“నువ్వు కూడానా పుణ్యవతీ? పొద్దున్న వడియాల నాటకం ఆడింది ఇందుకేనా?”

“నాటకమేం లేదు. నిజంగానే ఎండబెట్టాను,” అంది పుణ్యవతి. “మీరెళ్ళాక తీసి గోడ మీద వేశాను. చెప్తే ఒప్పుకుంటారా మీరు?”

“ఎలా ఒప్పుకుంటాను? ఆ కొత్తగూడ దారిలో కంకర లారీలు ఎలా వస్తాయో నీకు తెలుసా? నడి రోడ్డు మీద బండి ఆగిపోతే దిగి తోసేదెవరు? నేను బతికుండగా దానికా ఖర్మేంటి?”

“నువ్వు బతికుండగానే నేర్చుకోవాలి నాన్నా,” అంది రసజ్ఞ.

“నోర్ముయ్! ఏం మాటలే అవి!” అని తల్లి గదిమింది.

రసజ్ఞ వరండా మెట్టు మీద కూర్చుని కాలిపర్ పట్టీలు వదులు చేసుకుంటోంది. తలెత్తకుండానే అడిగింది. “అమ్మకి చెప్పావా నాన్నా, వీఆర్ఎస్ కాగితం ఇచ్చిన సంగతి?”

సీతారామయ్య ఉలిక్కిపడ్డాడు. పుణ్యవతి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

“వీఆర్ఎస్ ఏంటి? ఎవరిచ్చారు?”

“చొక్కా జేబులో నకలు ఉంది. ఉతకబోతే దొరికింది,” అంది రసజ్ఞ. “పొద్దున నన్ను దింపాలి, సాయంత్రం తేవాలి. అందుకని ఇంకా ఆరేళ్ళున్న ఉద్యోగం వదిలేస్తున్నాడు. అవును కదా నాన్నా? నేను ఉద్యోగంలో చేరాలంటే నువ్వు మానేయాలా? మరి నేను చేరి సాధించిందేంటి?”

“నీ కోసం కాకపోతే ఎవరి కోసమే నేను...” అన్నాడతను.

పుణ్యవతి భర్త ఎదురుగా వచ్చి నిలబడింది. “ఒక్క మాట... నాకు ఒక్క మాట చెప్పలేదు మీరు.”

“నాకు తెలుసు నాన్నా ఎందుకో,” అంది రసజ్ఞ. ఇప్పుడామె గొంతులో కోపం లేదు. “రేపల్లెలో అమ్మమ్మగారింట్లో ఉండగా నాకు జ్వరమని టెలిగ్రాం వచ్చిన రోజు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ ఉందని నువ్వు రెండ్రోజులు ఆగి వచ్చావు. అమ్మ చెప్పింది. నువ్వు ఆ రోజే వచ్చినా అది ఆగేది కాదని ఎంత మంది డాక్టర్లు చెప్పారు నీకు? ఆ రెండ్రోజులు సెలవు పెట్టలేదని ఇరవై ఏళ్ళుగా పెడుతూనే ఉన్నావు. నా పరీక్షలకి, నా దవాఖానాలకి, నా స్నేహితురాలి పెళ్ళికి కూడా. నువ్వు నన్ను మోస్తున్నావని అందరూ అంటారు నాన్నా. నీ బాధని నేను మోస్తున్నానని ఎవరికీ తెలీదు.”

సీతారామయ్య చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళి, చందానగర్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. రెండు గూడ్సు బళ్ళు వెళ్ళిపోయాయి. ‘సెలవు పెడుతూనే ఉన్నావు’ అన్న మాట చెవుల్లోంచి పోలేదు. తను చేస్తున్నది ప్రేమే అనుకున్నాడు. ప్రేమే, కాదనడానికి లేదు. కానీ అందులో ప్రాయశ్చిత్తం కూడా ఉందనీ, దాన్ని చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా ఆ పిల్ల చేతే మోయించాననీ అతనికి ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు పొద్దున రసజ్ఞ కుడి చేతిలో కర్ర ఉండడంతో ఎడమ చేత్తోనే తండ్రికి కాఫీ గ్లాసు అందించింది. అందుకుంటూ అతను ఆమె అరచెయ్యి చూశాడు. వేళ్ళ మొదట్లో నాలుగు కాయలు. ఒకటి చితికి ఎర్రగా ఉంది.

“ఇదేంటమ్మా?”

“క్లచ్చి,” అంది రసజ్ఞ. “చాలా గట్టిగా ఉంటుంది నాన్నా. మొదటి వారం రెండు చేతులతో లాగినా వచ్చేది కాదు.”

సీతారామయ్య కాఫీ పక్కన పెట్టి, మెట్ల మీద పడున్న పిడిని తీసి ఎండలో తిప్పి తిప్పి చూశాడు. సాయిలు వెల్డింగు శుభ్రంగా ఉంది. పిడికి పాత సైకిలు ట్యూబు చుట్టి, రసజ్ఞ వేళ్ళకి సరిపడా నాలుగు నొక్కులు పెట్టాడు. అయితే కేబులు ఒక చోట మరీ ఒంపు తిరుగుతోంది. అక్కడే రాపిడికి రెండు పోగులు తెగి ఉన్నాయి. ఇంకో నెల వాడితే మొత్తం తెగేది. ఫిట్టరు కళ్ళకి ఆ తప్పు కనబడగానే, తండ్రి మనసులో పట్టుదల ఎక్కడో వదులైంది. పిడిని గుడ్డలో చుట్టుకుని సాయిలు షెడ్డుకి నడిచాడు.

సాయిలు ఆటో చక్రం విప్పుతున్నాడు. తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు.

“సాయిలూ, కేబులు ఇక్కడ మడత పడుతోంది. చూడు,” అన్నాడు సీతారామయ్య, గుడ్డ విప్పి.

సాయిలు దానివైపు ఒక చూపు చూసి, చక్రానికి ఇంకో నట్టు విప్పాడు.

“దీనికి కేబులు వద్దు. ఇక్కడో చిన్న ఇరుసు పెట్టి, కడ్డీతో లాగిద్దాం. పిడి రెండంగుళాలు పొడుగు చేస్తే బరువు సగం తగ్గుతుంది. పిల్ల చేతులు కాయలు కాసిపోయాయి.” ఆగి, నేల చూపులు చూస్తూ అన్నాడు, “నిన్న నిన్ను అనరాని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు.”

సాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, పిడి అందుకున్నాడు. “గా ఇరుసు సంగతి నాకు ఎరుకనే సారూ. గంత సక్కగ చేసే చెయ్యి నాకేడిది? మీరు చేస్తరు. మిమ్ములను అడుగుదమంటే బిడ్డ వద్దన్నది. మా నాన్న పరేషాన్ అయితడన్నది.” స్టూలు ముందుకు జరిపి, “కూసోండ్రి. చాయ్ తెప్పిస్త,” అన్నాడు.

ఆ చాయ్ తాగుతూ సీతారామయ్య కళ్ళు తుడుచుకుంటే, సాయిలు ఆటో వైపు తిరిగి చూడనట్టే ఉన్నాడు.

సోమవారం ఫ్యాక్టరీలో వీఆర్ఎస్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి మొదట పుణ్యవతికి చెప్పాడు. రాత్రి భోజనంలో అతనికి ఇష్టమైన గుత్తివంకాయ కూర ఉంది. వంకాయలు మాత్రం కొనుక్కొచ్చినవి.

జూన్‌లో రసజ్ఞ ఉద్యోగంలో చేరింది. రెండు నెలలు తండ్రి మధ్యాహ్నం షిఫ్టు వేయించుకుని పొద్దున కారులో దింపడం, సాయంత్రం సాయిలు తమ్ముడి ఆటోలో రావడం. ఆదివారాలు ముగ్గురూ ఖాళీ నేలలో కారు నేర్పడం, నేర్చుకోవడం. నేర్పేవాళ్ళిద్దరూ పోట్లాడుకుంటుంటే రసజ్ఞ వాళ్ళని దింపేసి తనొక్కతే తిప్పుకునేది. మార్పు చేసిన బండి రవాణా ఆఫీసులో చూపించి, పరీక్ష ఇచ్చి, లైసెన్సు చేతికొచ్చేసరికి శ్రావణం వచ్చింది.

ఆ తర్వాతి సోమవారం సీతారామయ్య పెందలాడే తయారై టిఫిను డబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు. రసజ్ఞ కారు తాళాలు తీసుకుంది.

“నీ ఫ్యాక్టరీ అటు, నా ఆఫీసు ఇటు. ముందు నిన్ను దింపి వెళ్తాను, ఎక్కు,” అంది.

“నేను బస్సులో...”

“ఎక్కు నాన్నా, టైమైపోతోంది.”

బొంబాయి రోడ్డు మీద లారీలు పక్క నుంచి దూసుకుపోతుంటే, సీతారామయ్య కుడి కాలు, తన ముందు లేని బ్రేకుని నాలుగైదు సార్లు తొక్కింది. రసజ్ఞ అది చూసి నవ్వింది గానీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఎడమ చెయ్యి పిడి లాగడం, గేరు మార్చడం, వదలడం అన్నీ ఒక్క కదలికలా సాగిపోతున్నాయి.

ఫ్యాక్టరీ గేటు ముందు అతన్ని దింపి, వెనక్కి తిప్పుకోబోతుండగా కారు అడ్డంగా ఆగిపోయింది. వెనక స్టాఫ్ బస్సు, దాని వెనక ఇంకోటి. హారన్లు మోత మోగించాయి. సైకిళ్ళవాళ్ళు దిగి చూస్తున్నారు. సీతారామయ్య టిఫిను డబ్బా చంకలో ఇరికించుకుని కారు వైపు ఒక్క ఉదుటున అడుగేశాడు.

కిటికీలోంచి రసజ్ఞ చెయ్యి బయటికొచ్చింది. రావద్దన్నట్టు ఊపింది. “నువ్వు లోపలికెళ్ళు నాన్నా! సైరన్ మోగుతోంది!”

అతను ఆగాడు. ఆ ఒక్క అడుగు ఆపుకోవడానికి ఎంత బలం కావాలో ఆ క్షణంలో అతనికి తెలిసింది. ఇంజను ఒకసారి దగ్గి ఊరుకుంది. రెండోసారి అందుకుంది. పొడుగు అంబాసిడర్ మెల్లగా తిరిగి, బస్సుల పక్క నుంచి దారి చేసుకుని, చందానగర్ వైపు మలుపులో కనుమరుగైంది.

“ఏమైంది సీతారామయ్యా? కండ్లల్ల నీళ్ళేంది?” వెనక నుంచి తోటి పనివాడు మల్లయ్య భుజం పట్టుకున్నాడు.

“ఏం లేదు మల్లయ్యా,” అన్నాడు సీతారామయ్య, తుడుచుకోవాలని కూడా అనిపించక. “మా అమ్మాయి... నన్ను డ్యూటీకి దింపి, తన ఆఫీసుకి వెళ్ళింది.”