కోళ్ల షెడ్డు కాడ వెనక్కి నడిచే కాళ్లు

అత్వెల్లి దాటి శామీర్‌పేట దిక్కు పోయే మట్టిబాట పక్కన ఒక ఖాళీ కోళ్ల షెడ్డు ఉంది. దాని పేరెత్తితే చంటిపిల్లలు పాలు తాగడం ఆపేస్తారు. దాని ముందు లారీ ఆపుకొని నల్లటి జుట్టుతో పడుకున్న డ్రైవర్, తెల్లారి తెల్లటి జుట్టుతో లేచాడట! లోపల ఒక్క కోడి లేకున్నా అమాస రాత్రి లక్ష కోళ్లు ఒక్కసారే రెక్కలు కొట్టుకుంటాయట. ఒక పోలీసు జీపైతే ఆ షెడ్డును చూడగానే, డ్రైవర్ స్టీరింగ్ ముట్టకుండానే, తనంతట తానే మేడ్చల్ వైపు తిరిగి పారిపోయిందట.

అలాంటి బాట మీద... శాంసన్‌కు అది కనబడింది.

శాంసన్ మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో రెండో షిఫ్టు చేస్తాడు. బస్సు దిగి ఆ బాటనే నడిచి ఇల్లు చేరాలి. ఆ రాత్రి షెడ్డు మూల తిరిగాడో లేదో — ఎదురుగా తెల్లచీర. తల ఉంది గానీ తలకు మొఖం లేదు, అంతా జుట్టే! అది ఇటే వస్తోంది... కాళ్లు చూశాడు. మడమలు ముందు. వేళ్లు వెనుక!

శాంసన్ పెట్టిన కేకకు శామీర్‌పేట చెరువులో చేపలు గట్టెక్కాయి.

ఆ రాత్రి దుప్పట్లో దూరినవాడు మళ్లీ బయటికి రాలేదు. జ్వరం ఎంత కాసిందంటే, నుదుటి మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. పనికి పోనంటే పోనన్నాడు. కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు — "సోమారం రాకుంటే నీ జాగల వేరేటోణ్ని పెట్టుకుంటం."

శాంసన్ పెళ్లాం ప్రిస్కిల్లా గుండెల్లో రాయి పడింది. ఇంటికి ఉన్నది అదొక్క కొలువే.

ఈ ప్రిస్కిల్లాకు ఒక పిచ్చి ఉంది. ఎక్కడో సముద్రాల అవతల, వాన తెగని అడవుల్లో, సైంటిస్టులు చెట్లకు కెమెరాలు కడతారు. ఏ జంతువు ముందుకొచ్చినా కెమెరా తనంతట తానే టక్కున ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలు గుట్టలు గుట్టలు. వాళ్లకేమో చూసే తీరిక లేదు. అందుకే ఫోన్ ఉన్న ప్రతివాళ్లనూ బతిమాలుకుంటారు — ఇది ఏ జంతువో చెప్పండమ్మా, ఎన్ని ఉన్నాయో చెప్పండమ్మా అని. ఒక్క ఫొటోనే చాలామందికి చూపించి, ఎక్కువమంది ఏదంటే అది రాసుకుంటారు. ప్రిస్కిల్లా ఆ పనిలో చేరింది. పొయ్యి మీద పప్పు బొగ్గవుతున్నా సరే, ఆమె పునుగుపిల్లి తోక పొడుగు చూస్తుంటుంది. చర్చిలో ప్రార్థనకు కళ్లు మూసుకోమంటే ఒక్క కన్నే మూస్తుంది. రెండోది అడవిపంది మీద.

"ఇంట్ల పిల్లి పాలు తాగుతాంది, నువ్వేమో యాడనో అడివిల పిల్లిని పట్కుంటున్నవ్," అంటుంది అత్త మరియమ్మ, మంచం దిగకుండానే.

మరియమ్మవి మోకాళ్లు కావు, గాజులరామారం నుంచి నాగారం దాకా పేరుమోసిన మోకాళ్లు. అవి గ్లాసెడు నీళ్లకు లేవవు. ఉల్లిగడ్డల ముందు అసలే కూర్చోవు. రోజూ పడుకునే ముందు తొడ నుంచి కాలివేళ్ల దాకా కోడలు నూనె రాయాల్సిందే.

"దయ్యమో జంతువో, ఫొటో తీస్తే తెలుస్తది," అన్నది ప్రిస్కిల్లా.

"దయ్యం ఫొటోల పడదే," అని దుప్పట్లోంచి శాంసన్.

"పడకుంటే లేనట్టే. మంచిగ పనికి వో."

చీకట్లో కూడా ఫొటోలు తీసే చిన్న కెమెరాను సెల్‌ఫోన్ల దుకాణం పరమేశ్ దగ్గర అడిగి తెచ్చింది. పరమేశ్ ఇవ్వనైతే ఇచ్చాడు గానీ, "దయ్యం దీన్ని పలగ్గొడితే ఎట్లక్కా?" అన్నాడు.

"దయ్యాన్నే అడుగు తమ్మీ."

పొద్దుగూకక ముందే పోయి, షెడ్డు గుంజకు కట్టి వచ్చింది. అడవిలో కెమెరాలు మోకాలెత్తులోనే కడతారు కదా — ఈమె కూడా మోకాలెత్తులోనే కట్టింది. ఆ పనిలో ఆమెకు తెలిసిన పద్ధతి అదే మరి.

తెల్లారి కెమెరాలోని ఫొటోలు ఫోన్‌లోకి ఎక్కించుకుంది. మొదటిదాంట్లో ఖాళీ బాట. రెండోదాంట్లో మసకగా ఒక మడమ...

మూడోదాంట్లో రెండు మడమలు — కెమెరా మీదికే వస్తూ. పైన పిక్కల దాకా ఎత్తి పట్టుకున్న తెల్లచీర. ఆపైన ఏముందో... ఫొటోలో లేదు.

ప్రిస్కిల్లా లేచి గోడకు ఆనుకుంది. చెయ్యి మాత్రం అలవాటు మానలేదు. ఆ ఫొటోను తోటి వాలంటీర్ల గ్రూపులో పడేసి అడిగింది — ఇదేంది? ఎన్ని?

పంపాక వేళ్లతో ఫొటోను పెద్దది చేసి చూసింది. ఎడమ పాదం చిటికెన వేలు... పక్క వేలి మీదికి ఎక్కి కూర్చుంది!

ఆ వేలును ప్రిస్కిల్లా ఎరగదా? రోజూ నూనె రాసేది దానికే!

మెల్లగా పోయి అత్త మంచం పక్కన నిలబడింది.

"అత్తమ్మా... రాత్రి యాడికి వోయినవ్?"

"నేనా? నా మోకాళ్లతోని యాడికి వోత బిడ్డా?"

ఫోన్ కళ్ల ముందు పెట్టింది. మరియమ్మ చాలాసేపు చూసింది. "ఎవలియో గని, సక్కగ లేవు కాళ్లు."

"నీయే."

గుసగుసగా బయటపడింది అసలు సంగతి. "ఫోన్ల ఒక డాక్టరు చెప్పిండే... ఎన్కకు నడిస్తే మోకాళ్లు నయమైతయని. పగలు నడిస్తే నలుగురు నవ్వరా?"

"మరి నయమైనయా?"

"...జెర."

"జెరనా? మరి ఉల్లిగడ్డలెందుకు కోస్తలేవ్?"

"అందుకే చెప్పలే!"

శాంసన్ దుప్పటి తన్నేసి లేచాడు. "నా కొలువు వోతాంటే సప్పుడు జేయకుండ పన్నవానే అమ్మా?"

"నువ్వు జూసింది నన్నేనని తర్వాతనే సమజైంది. ఆ రాత్రి నువ్వొర్రితే నేను గూడ పరేషానైన కొడుకా. నీ ఎన్కాల దయ్యమున్నదనుకొని ఉరికిన."

"ఎట్ల ఉరికినవ్, ఎన్కకేనా?"

"ముందుకే. అప్పుడు మస్తు పన్జేసినయ్ మోకాళ్లు."

శాంసన్ ఎంత నవ్వాడంటే పైకప్పు రేకులు మోగాయి. జ్వరం చెప్పకుండా దిగిపోయింది. సోమవారం ఈల వేసుకుంటూ షిఫ్టుకు పోయాడు. "ఇగ నాకేం భయం? ఆ దయ్యానికి పుట్టినోణ్నే నేను!"

మరియమ్మ ముందు గంపెడు ఉల్లిగడ్డలు పెట్టింది కోడలు. ఆమె కోస్తుంటే గల్లీ గల్లీ ఏడ్చింది.

రాత్రయింది. శాంసన్ కోసం ఎదురుచూస్తూ అత్తా కోడళ్లు వంటింట్లోనే కూర్చున్నారు. ప్రిస్కిల్లా గ్రూపు తెరిచి చూసింది. జవాబులు వచ్చి ఉన్నాయి. ఏ దేశం నుంచి ఎవరు రాసినా ఒకటే మాట — మనిషి.

ఎన్ని అన్నదానికీ ఒకటే మాట.

ఇద్దరు.

"చీరంటే తెల్వదు వీళ్లకు. కుచ్చిళ్లను గూడ కాళ్లనుకుంటున్నరు," అని నవ్వి, ఫొటోను మళ్లీ పెద్దది చేసింది.

నవ్వు సగంలో ఆగింది.

మరియమ్మ వేళ్లకు ఎదురుగా, జానెడు దూరంలో... ఇంకో రెండు పాదాలు. ఆమె వెనక్కి వేసిన ప్రతి అడుగుకూ, అవి ముందుకు వేస్తున్నట్టు.

"అత్తమ్మా, ఆ రాత్రి... నీ ఎదురుంగ ఎవలన్న ఉండెనా?"

"ఎవలుంటరే? సీకటుండె."

ఫోన్ మోగింది. శాంసన్.

"యాడున్నవయ్యా?" అన్నది ప్రిస్కిల్లా, స్పీకర్ నొక్కి.

"షెడ్డు కాడికొచ్చిన. అమ్మకు జెర్రంత బుద్ధి లేదే, మళ్ల వచ్చింది! నా దిక్కే మొకం పెట్టి, నా ముంగటనే ఎన్కకు నడుస్తాంది. పిలిస్తే పలుకుతలేదు... సిగ్గువడ్తున్నదేమో."

ఎదురుగా పీట మీద, మరియమ్మ చేతిలో కత్తి ఉల్లిగడ్డ సగంలోనే ఆగిపోయింది.