ఇల్లటమొచ్చిన దుమ్ము

తిరుచానూరు రోడ్డు పక్క వీధిని మొదట నీళ్ల పైపు కోసం తవ్వారు. పూడ్చాక కేబుల్ గుర్తొచ్చి మళ్లీ తవ్వారు. శకుంతలమ్మ పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో ముగ్గు వేయవచ్చు.

ఆమె కొడుకు మునికుమార్ ఆ దుమ్ములోనే వ్యాను పెట్టుకుని బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇస్తాడు. ఒకనాడు ఒక ముసలి ఆటో వదిలిన పొగ తిన్నగా మేడ మీది జర్మన్ క్లాసులోకి వెళ్లింది. టీచర్ జాహ్నవి దగ్గుకుంటూ దిగివచ్చింది.

"ఏమప్పా, పొగ లేదని సర్టిఫికెట్ ఇచ్చేటోడివి, మా పిలకాయలకు పొగ పెడతా ఉండావే?"

"సారీ మేడమ్. పొగ ఎంతుండాదో సూడాలంటే పొగ రావాల గదా."

ఆమె నవ్వు ఆపుకుంటూ పైకి పోయింది. మరునాడు మునికుమార్ జర్మన్ క్లాసులో చేరాడు. ఎందుకని అడిగితే "బిజినెస్సు" అన్నాడు. నెల రోజులు బోర్డు కంటే టీచరునే ఎక్కువ చూశాడు. ఆ సంగతి టీచరుకు మొదటి రోజే తెలుసు.

ఒక వానరోజు ఆమె బోర్డు మీద ఫైన్‌ష్టౌప్ అని రాసింది.

"ఊపిరితిత్తుల్లోకి పొయ్యే సన్నదుమ్ము. ఫైన్ అంటే సన్నని, ష్టౌప్ అంటే దుమ్ము. ష్టౌప్ జర్మన్ ఇంట్లో పుట్టిన మాటే. ఫైన్ మాత్రం లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా వచ్చి, ఈడే సెటిలయిపోయింది."

"అంటే ఫైన్ ఇల్లటమొచ్చినాడు మేడమ్," అన్నాడు మునికుమార్.

క్లాసంతా నవ్వింది. జాహ్నవి చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది.

క్లాసయ్యాక మెట్ల మీద నిలబెట్టి అడిగింది. "నువ్వొస్తావా?"

"యాడికి?"

"మా ఊరు ఐరాలకి. ఇల్లటం. మా నాయనకు నేనొక్కదాన్నే. అత్తగారింట్లోనే ఉండాలనంగానే వచ్చినోళ్లంతా కాఫీ తాగి పరారు."

"యా," అన్నాడు మునికుమార్. నెల రోజుల్లో అతనికి వచ్చిన జర్మన్ అంతే.

ఇంట్లో శకుంతలమ్మ గరిటె విసిరింది. "ఇల్లటమా! వీధిలో నేను తల ఎత్తుకొని నడిసేదెట్లరా?"

"వీధి యాడుండాది మా? తవ్వేసినారు గదా."

కుదరదని మొహాన చెప్పి రావడానికే ఆమె కొడుకును వెంటబెట్టుకుని ఐరాల వెళ్లింది. జాహ్నవి తండ్రి ఏకాంబరం కాఫీ తెచ్చేలోగా, అలవాటుగా వాళ్ల టీవీ మీద వేలు పెట్టి గీసింది. వేలు చూసుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసుకుంది. కిటికీ బయట చెరకు తోట, పైన కడిగినట్టు ఆకాశం.

రెండో కాఫీ కూడా తాగి, "మంచిరోజు సూడన్నా," అంది.

తిరుగు బస్సు పూతలపట్టు దాటుతుండగా కొడుకుతో మెల్లగా అంది. "నేనూ వస్తా."

"యాడికి మా?"

"ఇల్లటానికి. నా టీవీ కూడా."

ఫోనులో ఈ మాట విని జాహ్నవి నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది, కానీ "మా నాయనకు నువ్వే సెప్పుకో" అంది. అల్లుడితో పాటు వియ్యపురాలు కూడా ఇల్లటం వస్తోందని ఏకాంబరానికి ఇంకా తెలియదు. పెళ్లికార్డులు ప్రెస్సులో ఉన్నాయి. అయ్యలారా, అమ్మలారా, ఆయనకు ఈ ముక్క ఎలా చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే మునికుమార్‌కు చెప్పి పుణ్యం కట్టుకోండి. కాస్త తొందరగా చెప్పండి. ఈ పొద్దున వీధి మళ్లీ తవ్వారు.