కళ్ళ కొసల్లో ముడతలు

2081 నాటికి విశాఖపట్నంలో ఫొటో తీయని అద్దం ఏ ఇంట్లోనూ లేదు. పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు అద్దమే చర్మాన్ని చిత్రించి దాచుకునేది. మచ్చ ఏదైనా తేడాగా కనిపిస్తే డాక్టరుకు కబురు పంపేది.

ఆ చిత్రాల ఆధారంగా డాక్టర్ నీహారిక ‘ముడతమాపకం’ తయారుచేసింది. ముడతలో పడే నీడను పిక్సెల్ పిక్సెల్‌గా కొలిచి, అది ఎంత లోతుందో, ఏ కండరం కదలడం వల్ల ఏ వయసులో ఏర్పడిందో చెప్పే డిజిటల్ పరికరం అది. పెదవుల పక్కన గీతలు ఏ నవ్వుకైనా పడతాయి. కళ్ళ కొసల్లో ముడతలు మాత్రం మనసారా నవ్వితేనే లోతవుతాయి. అక్కడి కండరం మనం చెప్పినట్టు వినదు.

పరికరాన్ని పరీక్షించడానికి ఏళ్ళ తరబడి తీసిన చిత్రాలు కావాలి. నీహారిక తన భర్త ప్రణీత్‌వి ఇచ్చింది. అతను పోయి మూడు నెలలయింది. పని పేరుతోనైనా, గడ్డానికి సబ్బు నురగతో నిలబడ్డ ఆ ముఖాన్ని మళ్ళీ చూడొచ్చని ఆమె ఆశ.

ల్యాబ్‌లో ఆమెతో పనిచేసే ఫర్జానా ఫలితాలు చూసి, లెక్కను ఇంకోసారి నడిపింది. మళ్ళీ అవే వచ్చాయి.

“మేడమ్, సార్‌కి యాభై ఏళ్ళప్పుడు ఏమైనా జరిగిందా?”

“మా అబ్బాయి పోయాడు. చంద్రుడి మీద గనిలో ప్రమాదం. ఏం?”

“అప్పట్నుంచి సార్ కళ్ళ దగ్గర ముడతల లోతు పెరగలేదు. పెదవుల పక్కవి మాత్రం మునుపటికన్నా లోతయ్యాయి.”

నీహారిక తెరను తనవైపు తిప్పుకుంది. కొడుకు పోయిన నెలకే ప్రణీత్ కాఫీ దగ్గర జోకులు వేయడం మొదలుపెట్టాడు. ఇంత తొందరగా ఎలా మరిచిపోగలిగాడని ఆమెకు లోలోపల కోపం. అయినా ఇంట్లో ఒక్కరైనా కోలుకున్నారు, అది చెడగొట్టకూడదని తనూ నవ్వేది. ఆ కోపాన్ని అతని దగ్గర ఎన్నడూ బయటపెట్టలేదు.

“నావి కూడా పెట్టి చూడు,” అంది.

ఫర్జానా పెట్టింది. రెండు గ్రాఫులూ ఒకదానిమీద ఒకటి అతికినట్టు వచ్చాయి. అదే సంవత్సరం, అదే మలుపు.

“ప్రణీత్ నా కోసం నవ్వాడు. నేను తన కోసం నవ్వాను,” అంది నీహారిక నెమ్మదిగా. “కన్నబిడ్డ పోతే, ఇద్దరం కలిసి ఒక్కరోజు కూడా ఏడవలేదమ్మా.”

“ఈ మిషన్ అప్పుడే ఉండుంటే బావుండేది మేడమ్,” అంది ఫర్జానా.

నీహారిక తల అడ్డంగా ఊపింది.

“మిషనెందుకు? రోజూ ఎదురుగానే కూర్చునేవాడు. ఒక్కసారి కళ్ళలోకి సరిగ్గా చూసుంటే నాకే తెలిసిపోయేది. చూస్తే ఎక్కడ ఏడ్చేస్తానో అని, చూడలేదు.”